పట్టును విడుపును: పందెపు బాటపై స్లిక్ టైరు నేర్పు విద్య

అమలాపురము నుండి రాజోలు పోవు దారిలో ఏ పంక్చరు షాపు ముందు నిలిచినను వినబడు మాట యొకటి కలదు: "టైరు గుండైపోయిందండీ, ఇంక మార్చేయాలండి." గాళ్ళరిగి నున్నబడిన టైరు మన కోనసీమలో అపాయమునకు గుర్తు, ఏలననగా తొలకరి మొదలు కార్తికము దాక వానయు, ఏడాది పొడవునను కాలువ గట్ల తేమయు గల ఈ నేలపై, నీటిని ప్రక్కలకు త్రోసివేయు గాడి లేని చక్రము నేలను తాకక నీటి పొరపై తేలిపోవును. అట్టి గుండు టైరును, పుట్టుకతోనే గుండుగా పోతపోసినదానిని, అధికమైన వెల యిచ్చి కోరి కొనువారు లోకమున కలరనియు, పొడిగా నున్న పందెపు బాటపై దానిని మించిన పట్టు గల చక్రము వేరొకటి లేదనియు తొలిసారి విన్ననాడు కలిగిన విస్మయమే నన్ను ఈ విద్యలోనికి దింపినది. దానినే స్లిక్ టైరందురు.

మన భాషలో పట్టు అను మాట మిక్కిలి సంపన్నమైనది. పట్టుదల గలవానిని మెచ్చుకొందుము; చేయగా చేయగా పనిలో పట్టు చిక్కినదందుము; కాని పట్టువిడుపు లెరుగనివానితో పొత్తునకు గాని, వియ్యమునకు గాని వెనుదీయుదుము. పట్టుటయు విడుచుటయు ఒకే విద్యకు రెండు చేతులని మన పెద్దలు ఆ జంటపదములోనే దాచి యుంచిరి. ఈ అధ్యాయమున నేను చెప్పదలచినదియు నదియే. స్లిక్ టైరును కొనువారందరు పట్టు కొరకే కొందురు. కాని ఎన్నుకొనుట మొదలు, గాలి నింపుట, కాచుట, దాచుట, తుదకు పారవేయుట వరకు ప్రతి మెట్టునను అది మనలను అడుగునది విడుపు. ఎక్కడ విడువవలయునో నేర్చినవానికే అది తన పట్టు నిచ్చును.

నేను చెల్లించిన గురుదక్షిణ

కోనసీమలో మోటారు పందెపు బాట లేదు. మనకు అందుబాటులో నున్న పెద్ద బాట మద్రాసు నగరమునకు పడమట, శ్రీపెరుంబుదూరు చేరువనున్న ఇరుంగాట్టుకోట్టైలో 1990లో ఆరంభమైనది. దాని ఒక చుట్టు నిడివి 3.7 కిలోమీటర్లు. కోయంబత్తూరు కడ 2.1 కిలోమీటర్ల కరి మోటార్ స్పీడ్‌వే కలదు. మారుతీ ఇంజనుతో తక్కువ వెలకు పందెపు బండ్లు కట్టి, మన దేశపు యువకులకు ఈ క్రీడలో ప్రవేశము కల్పించిన కరివర్ధన్ పేర అది వెలసినది. ఇట్టి బాటలపై, సామాన్యులైన వాహనదారులు రుసుము చెల్లించి తమ సొంత కార్లను నడుపుకొనుటకు కేటాయించు దినములు కొన్ని యుండును. వానిని ట్రాక్ డేలందురు. అట్టి యొక దినమునకై నేను అమలాపురము నుండి 600 కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసి, వెంట నాలుగు వాడిన స్లిక్కులను, వాని బరువును మించిన అహంకారమును తీసికొని పోతిని.

ఆ టైర్లను కొన్నప్పుడు నేను చేసిన పరీక్ష గోటితో నొక్కి చూచుట మాత్రమే. గాలి, రోడ్డు టైరునకు పెట్టించు అలవాటు చొప్పున, 32 పాయింట్లు కొట్టించితిని. మొదటి చుట్టు సగమైనను కాకముందే, రోడ్డు టైర్లతో నేను తీసికొను వేగమునకు కొంచెము మించిన వేగముతో ఒక కుడి మలుపులోనికి దించగా, వెనుక చక్రములు ఒక్క అరుపైనను అరవక, ఒక్క సూచనయైన నీయక, నాచు పట్టిన రేవు మెట్టు మీది పాదమువలె జారిపోయినవి. కారు రెండుమార్లు గిరగిర తిరిగి గడ్డిలో ఆగినది. ఎవరికిని దెబ్బ తగులలేదు. స్టీరింగును బిగబట్టిన నా వ్రేళ్ళు మాత్రము కొంతసేపటివరకు విడివడలేదు.

ఇంటికి వచ్చి, నేరమంతయు ఆ టైర్లమ్మినవాని మీద మోపుచు, మా వీధి చివరి పంక్చరు షాపు పెద్దాయన కడ మొరపెట్టుకొంటిని. ఆయన ఎన్నడును పందెపు బాటను చూచినవాడు కాడు. టైరు నంతయు అరచేతితో తడిమి, అంచులు గీచి చూచి, ఇట్లనెను: "ఆయ్, ఇది ఎండిపోయిందండి బాబు. పైకి నల్లగా నిగనిగలాడతానే ఉంటది గానండి, లోపల రసం చచ్చిపోయింది. గోటితో నొక్కితే ఏం తెలుస్తదండి? అయినా మీరు గాలి ఎంతెట్టారు, తిరిగొచ్చాక ఎంతయ్యింది, ఎక్కడన్నా రాసుకున్నారా?" నేనేమియు వ్రాసికొనలేదు. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పలేక నిలిచిన ఆ సాయంకాలమే నా అభ్యాసము నిజముగా మొదలైనదని భావింతును.

నున్నదనమునకు పట్టెక్కడిది

తారుబాట కంటికి చదునుగా కనబడినను, అది రేణువులంతటి మొనలతో నిండియుండును. కాగి మెత్తబడిన రబ్బరు ఆ మొనలపై కూర్చుండి, వాని సందులలోనికి దిగి, మరల లేచునపుడు వెంటనే లేవక ఒకింత ఆలసించును. ఆ ఆలస్యము వలన పుట్టు ప్రతిఘటనయే పట్టునకు మొదటి హేతువు. రబ్బరు అణువులకును రాతి అణువులకును నడుమ క్షణకాలము ఏర్పడి, తెగి, మరల ఏర్పడు అంటుదల రెండవ హేతువు. ఈ రెండింటికిని కావలసినది నేలను తాకు రబ్బరు విస్తారము. గాడి యున్నచోట రబ్బరు లేదు. కావున గాళ్ళను తీసివేసినచో తాకిడి పెరుగును. అంతియ కాక, గాళ్ళ నడుమ నిలుచు దిమ్మలు మలుపులో వంగి, రాపిడికి అతిగా కాగి, చిరిగిపోవు బాధయు తప్పును. అందుచేత స్లిక్కునకు రోడ్డు టైరు కన్న ఎంతయో మెత్తని రబ్బరును వాడుటకు వీలు కలుగును.

ఇందొక ధర్మసూక్ష్మము కలదు. నేలను పట్టుకొనునది లొంగు గుణము గల రబ్బరే; బిరుసెక్కినది జారిపోవును. 1839లో చార్లెస్ గుడియర్ రబ్బరును గంధకముతో కాచి, ఎండకు కరగక, చలికి పగులక, వంగియు మరల తన రూపు దాల్చు గుణమును దానికి కలిగించినాడు; ఆ వంగి లేచు గుణమే నేటికిని టైరునకు ప్రాణము. అయితే లొంగిన ప్రతిసారియు రబ్బరు కొంత కాగును, కొంత అరుగును, కొంత ముసలిదగును. పట్టు అనునది వెలలేని వరము కాదు. ప్రతి మలుపునను ఖర్చగు మూలధనము.

ఆ పట్టు ఎంతటిదో ఫార్ములా వన్ చరిత్ర చెప్పును. ఆ పందెములలో స్లిక్కులు 1971లో ప్రవేశించినవి. మలుపులలో వేగము మితిమీరుచున్నదని తలచి, నిర్వాహకులు 1998 నుండి 2008 వరకు గాళ్ళు గల టైర్లనే వాడవలెనని శాసించిరి. 2009లో స్లిక్కులు మరల వచ్చినవి. వేగమునకు కళ్ళెము వేయదలచినవారు మొదట చేయి వేసినది టైరు మీదనే యన్న సంగతి గుర్తుంచుకొనదగినది.

అట్లని స్లిక్కు లేనిదే పందెము లేదనుకొనుట పొరపాటు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగరు గట్టున జరిగిన ఫార్ములా ఈ విద్యుత్తు కార్ల పందెమున, గెలిచిన ఫ్రెంచి చోదకుడు జాన్ ఎరిక్ వెర్న్ కారునకు గాని, తక్కిన ఏ కారునకు గాని స్లిక్కులు లేవు. ఎండకును వానకును ఒకే టైరు చాలవలెనన్న నియమముచే అవి యన్నియు గాళ్ళు గల టైర్లతోనే పరుగెత్తినవి. టైరు ఘనత దాని రూపమున లేదు; పనికిని దానికిని గల పొత్తున నున్నది.

ఎన్నిక: అవసరమునకు మించిన పట్టును విడుచుట

క్రొత్తవానికి నేను చెప్పు మొదటి మాట, స్లిక్కు కొనుటకు తొందరపడవలదని. మొదట మంచి రోడ్డు టైర్లతోనే బాటపై నడుపుడు. రోడ్డు టైరు పట్టు సడలుటకు ముందు కీచుమని అరచును. జారినను మెల్లగా జారును. తప్పు చేసినవానికి దిద్దుకొను వ్యవధి నిచ్చు దయగల గురువది. పిమ్మట రోడ్డు మీదను చెల్లుబడియగు సెమీ స్లిక్కులకు మారుడు. వానితో ఒకే పూట వరుసగా అయిదు చుట్లు, ఒకదానికొకటి అర సెకను తేడా లోపల నడుపగలిగిననాడు స్లిక్కును తలచుడు. ఏలననగా స్లిక్కు పట్టు నిచ్చునంత సేపు ఉదారముగా నిచ్చి, హద్దు దాటినంతనే ఒక్కసారిగా విడుచును. తన చేతి తప్పేదో, టైరు తప్పేదో తెలియని దశలో అది నేర్పు పాఠము తలకెక్కదు.

రెండవది, కారు సిద్ధమా యని అడుగుడు. పెరిగిన పట్టు ఎక్కడికిని పోదు. అది హబ్బు బోల్టులను, వీల్ బేరింగులను, సస్పెన్షను బుష్షులను, బ్రేకులను లాగును. దీర్ఘమైన మలుపులో ఇంజను అడుగు తొట్టిలోని ఆయిలు ఒక ప్రక్కకు ఒరిగి, పంపునకు అందక, ఇంజను పాడైన సందర్భములు అరుదు కావు. కావున టైర్లకు ముందు బేరింగులను, బోల్టులను, బ్రేకు ఆయిలును సరిచూచి, ఆయిలు తొట్టిలో అడ్డు పలకలు పెట్టించుడు. చక్రము పై అంచు లోపలికి ఒరుగు క్యాంబరును గూడ పెంచవలసి యుండును. రేడియల్ స్లిక్కులకు రెండున్నర మొదలు మూడున్నర డిగ్రీల వరకు తరచుగా కావలయును. అడ్డనేత గల క్రాస్‌ప్లై టైర్లకు అంత అక్కరలేదు. అవి హద్దు కడ కొంచెము ముందుగా చెప్పి జారును గనుక నేర్చుకొనువారికి అనుకూలములు.

మూడవది, రబ్బరు ఎన్నిక. అన్నింటికన్న మెత్తనిదే అన్నింటికన్న మంచిదన్న భ్రమను విడువుడు. తేలికపాటి కారునకు గట్టి రబ్బరు వేసినచో అది ఎన్నటికిని తగినంత కాగదు. బరువైన కారునకు మిక్కిలి మెత్తని రబ్బరు వేసి మద్రాసు ఎండలో త్రిప్పినచో కొద్ది చుట్లలోనే ఉడికిపోవును. 1946లో మద్రాసు తిరువొత్తియూరులో ఆటబుడగలు చేయుటతో మొదలై, నేడు మన సంగారెడ్డి జిల్లా సదాశివపేటలో గూడ కర్మాగారము గల ఎంఆర్ఎఫ్ సంస్థ మన దేశపు పందెములకు స్లిక్కులను అందించుచున్నది; ఇచ్చటి ఎండకును, ఇచ్చటి బాటలకును నడచిన టైరు గూర్చి ఇచ్చటి చోదకుల కడ అనుభవము దొరకును. ఆ అనుభవమును అడిగి తెలిసికొనుడు.

వాడిన స్లిక్కులను కొనువారు నాలుగు పరీక్షలు చేయవలయును. టైరు ప్రక్కన వారమును సంవత్సరమును తెలుపు నాలుగంకెలుండినచో చదువుడు. 2324 అనగా 2024వ సంవత్సరపు 23వ వారము. నేలను తాకు తలముపై అక్కడక్కడ నుండు చిన్న రంధ్రముల లోతు కొలువుడు. ఆ లోతే మిగిలిన రబ్బరు. లోపలి అంచును వ్రేలితో తడిమి, దారము బయటపడినదేమో చూడుడు. తుదకు, రబ్బరు గట్టితనమును కొలుచు డ్యూరోమీటరు ముల్లును మూడు చోట్ల గ్రుచ్చి, అదే రకపు క్రొత్త టైరు అంకెతో సరిపోల్చుడు. గోరు అబద్ధము చెప్పును, ముల్లు చెప్పదు.

గాలి: నింపుటకన్న తీయుట నేర్వుడు

స్లిక్కులో గాలి చల్లనప్పుడు ఎంత యున్నదన్నది ఆరంభము మాత్రమే. కాగినప్పుడు ఎంత యగునన్నదే అసలు లెక్క. ఉదాహరణకు 30 డిగ్రీల ఉష్ణమున 22 పాయింట్లు నింపిన టైరులోని గాలి 80 డిగ్రీలకు కాగినచో దాదాపు 28 పాయింట్లగును. వాయువు వేడెక్కిన కొలది పీడనము పెరుగునన్న పాఠశాలనాటి సూత్రమే యిది. వాతావరణ పీడనమును గూడ కలిపి లెక్క కట్టినచో, ఇట్టి టైరులో సుమారు 8 డిగ్రీలకు ఒక పాయింటు చొప్పున పెరుగును. నా మొదటి యాత్రలో నేను 32 పెట్టించితిని. అది కాగియున్నచో 40 చేరి, టైరు బుడగవలె ఉబ్బి, నడిమి భాగము మాత్రమే నేలను తాకి యుండెడిది. అది కాగనైన లేదు, నేను కాగనీయలేదు. కాగిన పీడనము ఎంత యుండవలెనో టైరు చేసినవారు చెప్పుదురు. ఆ అంకెను గమ్యముగా పెట్టుకొని, వెనుకకు లెక్క కట్టి, చల్లని పీడనమును నిర్ణయింపవలయును.

ఇక్కడ మన కోనసీమవారికి ప్రత్యేకమైన హెచ్చరిక యొకటి. మన గాలిలో తేమ మెండు. కంప్రెషరు తొట్టి అడుగున నీరు చేరును; ఆ నీరు గాలితో కూడి టైరులోనికి పోయినచో, కాగినపుడు ఆవిరియై పీడనమును లెక్కకు అందనంతగా పెంచును. మా షాపు పెద్దాయన నాకు చూపిన పద్ధతి యిది: గాలి పట్టుటకు ముందు తొట్టి అడుగు కుళాయిని విప్పి, మొదట చిమ్ము తుప్పునీటిని పోనిచ్చి, పిమ్మట వచ్చు పొడిగాలికి అరచేయి యడ్డుపెట్టి, తడి అంటనంత వరకు ఓపిక పట్టును. నైట్రోజను దొరకినచో మరియు మంచిది. దొరకనిచో ఆ అరచేతి పరీక్ష చాలును.

గాలి కొలుచునపుడు నాలుగు టైర్లును నీడలో నుండవలయును. ఎండ తగిలిన ప్రక్క టైర్లలో పీడనము ఒకటి రెండు పాయింట్లు హెచ్చుగా కనబడి, ఆ హెచ్చును నమ్మి తీసివేసినవాడు మోసపోవును. మరియు బాట ప్రదక్షిణ దిశలో తిరుగునదైనచో కుడి మలుపులు హెచ్చుగనుక బరువంతయు ఎడమ ప్రక్క టైర్లపై పడి, అవి ఎక్కువ కాగును. వానిలో ఆరంభమున కొంచెము తక్కువ గాలి పెట్టవలసి వచ్చును. నాలుగు చక్రములకు నాలుగు అంకెలుండుట తప్పు కాదు. ఒకే అంకె పెట్టవలెనన్న మన పట్టుదలయే తప్పు.

వేడి: పూతరేకు కుండ చెప్పు సత్యము

ఆత్రేయపురములో పూతరేకులు తీయు ఇల్లాలి ప్రక్కన కూర్చుండి చూచినవారికి ఈ భాగము సులభముగా బోధపడును. బోర్లించిన కుండ క్రింద ఎండుటాకుల మంట; ఆమె చేతిలో పలుచని బియ్యపుపిండి నీటిలో ముంచిన బట్ట. కుండ చాలినంత కాగనిచో బట్ట పూసిన పిండి అంటుకొనియే యుండును, రేకు రాదు. అతిగా కాగినచో తీయబోవుటకు ముందే చిట్లి పొడియగును. ఆ రెంటి నడుమ ఒక ఇరుకైన వేడి కలదు. ఆ వేడి నిలిచినంత సేపు ఆమె చేయి ఆగదు. తప్పినంతనే బట్టను ప్రక్కన పెట్టి, ఆకులను వెనుకకు లాగును, లేదా ముందునకు నెట్టును. మంటతో వాదింపదు.

స్లిక్కునకును అట్టి ఇరుకైన వేడి కలదు. అనేకమైన రకములకు అది ఇంచుమించు 80 మొదలు 100 డిగ్రీల నడుమ నుండును. కావున బాటపైకి పోయిన మొదటి రెండు మూడు చుట్లు వేగమునకు కావు, కాచుటకు. స్టీరింగును మెత్తగా, బ్రేకును క్రమముగా వాడి, టైరు పై పొర మాత్రమే కాక లోపలి గుజ్జు గూడ వెచ్చబడు వరకు వేచియుండుడు. చల్లని టైరును తొందరపెట్టినచో పై పొర చిరిగి గరుకు ముడుతలు పడును; కాగిన టైరును కనికరింపనిచో లోపల ఉడికి పైకి బొబ్బలు లేచును. మొదటిది తొందరకు శిక్ష, రెండవది మొండితనమునకు శిక్ష.

లోనికి వచ్చిన వెంటనే, ఒక్క నిమిషము లోపల, సూదిమొన గల పైరోమీటరును రబ్బరులోనికి గ్రుచ్చి, ప్రతి టైరునకు లోపలి అంచున, నడుమను, వెలుపలి అంచున వేడిని చదువుడు. దూరమునుండి కిరణముతో చూచు పరికరము పై పొరనే చదువును. ఆ పొర క్షణములలో చల్లారును. నడుమ హెచ్చుగా కాగినచో గాలి ఎక్కువ. అంచులు రెండును హెచ్చుగా కాగినచో గాలి తక్కువ. లోపలి అంచు వెలుపలి దానికన్న 10 డిగ్రీల లోపు హెచ్చుగా నుండుట సహజము. అంతకు మించినచో క్యాంబరు అధికమైనది. ఈ పన్నెండు అంకెలు పన్నెండు సాక్షులు; వానిని విన్న పిమ్మటనే తీర్పు చెప్పుడు. గాలి తీయవలసి వచ్చినచో అప్పుడే తీసి, గమ్యమైన అంకెకు తెచ్చి, వ్రాసికొనుడు. వీల్ బోల్టులను గూడ, అవి కొంత చల్లారిన పిమ్మట, టార్కు పానాతో సరిచూడుడు.

వాయి లెక్క

గారెలు వండు మన ఇండ్లలో నూనెను వాయి చొప్పున లెక్కింతురు. ఇన్ని వాయిలకు నూనె నల్లబడునని ఇల్లాలికి తెలియును. టైరు ఒకసారి బాగుగా కాగి పూర్తిగా చల్లారుట నేనొక వాయిగా లెక్కింతును. బాటపై వారు దానినే హీట్ సైకిలందురు. ప్రతి వాయికి రబ్బరులోని నూనెలు కొంత ఆవిరియై, లోపలి గొలుసులు మరికొంత బిగిసి, అది గట్టిపడును. గాళ్ళు లేని టైరు అరగకుండగనే చచ్చిపోవుట యనగా నిదియే. నేను కొన్న మొదటి స్లిక్కుల కథయు నదియే.

క్రొత్త టైరు మొదటి వాయి మిక్కిలి ముఖ్యము. కొద్ది చుట్లు క్రమముగా వేడిచేసి, హద్దులదాక పోకయే లోనికి తెచ్చి, ఒక దినమైనను విశ్రాంతి నిచ్చినచో రబ్బరు కుదురుకొని, పిమ్మట ఎక్కువ కాలము ఒకే తీరున నిలుచును. క్రొత్త టైరును కొన్న ఆత్రమున ఆనాడే పిండుకొనువాడు ఆ కుదురును కోల్పోవును. ఖర్చును గూడ వాయి చొప్పుననే చూడుడు. నాలుగు టైర్ల వెల 60,000 రూపాయలనియు, అవి 12 వాయిలు నిలుచుననియు అనుకొందము. ఒక్క వాయికి 5,000. సగము వెలకు దొరకిన వాడిన టైర్లు 3 వాయిలే నిలిచినచో ఒక్క వాయికి 10,000. చవక యేదో, ప్రియమేదో అప్పుడు తేటపడును.

దాచుటయు ఒక విద్యయే. చల్లారిన టైర్లను తుడిచి, నల్లని ప్లాస్టిక్కు సంచులలో మూటగట్టి, ఎండ సోకని చల్లని గదిలో నుంచుడు. మన ప్రాంతమున ఖాళీ యున్న చోటనగా తరచుగా చెరువు గట్టున నున్న మోటారు షెడ్డే గుర్తుకు వచ్చును. అక్కడ మాత్రము పెట్టవలదు. విద్యుత్తు మోటారు రవ్వల వలన పుట్టు ఓజోను వాయువు రబ్బరును పగులగొట్టును. వెల్డింగు షాపు ప్రక్కనైనను అంతే. సముద్రపు గాలిలోని ఉప్పు అల్లాయ్ రిమ్ముల అంచులను తినివేసి, గాలి మెల్లగా కారుటకు కారణమగును గనుక, టైరు విప్పిన ప్రతిసారియు రిమ్ము అంచును శుభ్రపరుపుడు.

విడుపు

మన కోనసీమలో కనుమనాడు జగ్గన్నతోట తీర్థమునకు భుజములపై తరలు ప్రభలలో గంగలకుర్రు అగ్రహారపు ప్రభ కౌశిక నదిని దాటునపుడు గట్టున నిలిచి మోయువారి పాదములను చూడుడు. భుజములపై అంతటి బరువు నుంచుకొని నీటిలోనికి దిగినవారు పాదమును బల్లవలె ఆనింపరు; వ్రేళ్ళను విప్పి, నీటిని బురదను ఆ సందులనుండి పోనిచ్చి, అడుగుననున్న గట్టి నేలను వెదకి పట్టుకొందురు. వాన టైరునకు గాళ్ళుండుట అందులకే. స్లిక్కునకు ఆ సందులు లేవు. కావున బాటపై నీరు నిలిచిన క్షణమున అది పనికిరానిదగును. ఇరుంగాట్టుకోట్టైలో అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనపు వాన ఎప్పుడైనను రావచ్చును. మబ్బు కమ్మినపుడు ఇంకొక్క చుట్టని పోవువాడు, ఆ చుట్టుతో తన కారును, ఒకొకప్పుడు తన ఎముకలను, పందెము కాయుచున్నాడు.

విడుచుటలో పెద్దలకును సంకోచము కలుగును. 2005 జూనులో అమెరికాలోని ఇండియానాపొలిస్ నగరమున జరిగిన ఫార్ములా వన్ పందెమునకు ముందు, శుక్రవారపు సాధనలో ఏటవాలుగా కట్టిన 13వ మలుపున ఒక కారు వెనుక ఎడమ టైరు విఫలమై, అది గోడకు కొట్టుకొన్నది. ఆ మలుపులో వేగము తగ్గింపనిచో తమ టైర్లు క్షేమకరములు కావని మిషెలాన్ సంస్థ తన జట్లకు తెలిపినది. బాటను మార్చుటకు ఒప్పుదల కుదరలేదు. 19వ తేదీన లక్షలాది కన్నుల యెదుట ఇరువది కార్లు బయలుదేరి, సన్నాహపు చుట్టు ముగించి, వానిలో పదునాలుగు లోనికి మరలిపోయినవి. బ్రిడ్జ్‌స్టోన్ టైర్లు గల ఆరు మాత్రమే పందెము నడిపినవి. ఆ ఆరింటిలో నాలుగవ స్థానమున వచ్చినవాడు మన దేశమునుండి ఫార్ములా వన్‌కు చేరిన మొదటి చోదకుడు, కోయంబత్తూరు నారాయణ్ కార్తికేయన్. ఆనాడు వెనుదిరిగినవారిని ప్రేక్షకులు నిందించిరి. కాని టైరును చేసినవాడే వలదన్నపుడు, ఆ మాటను విని, గెలుపు అవకాశమును, కీర్తిని, ధనమును విడిచి చోదకులను ప్రాణములతో ఇంటికి చేర్చిన ఆ నిర్ణయమును నేను ఆ ఏటి పందెములలో మిక్కిలి ధీరమైన కార్యముగా నెంచుదును.

మన స్థాయిలో ఆ నిర్ణయములు చిన్నవి. దారము కనబడిన టైరును అదే క్షణమున విప్పి, ఎవరికిని అమ్మక, కోసి పారవేయుట. స్లిక్కులతో ఇంటికి నడుపుకొని పోవుదమన్న తలంపును రానీయకుండుట. రోడ్డు మీది కారు టైరునకు 1.6 మిల్లీమీటర్ల గాడి యుండవలెనన్నది ప్రాణరక్షణకై పెట్టిన హద్దు. ఆ పూట చివరి చుట్టును వేగమునకు వాడక, టైర్లను బ్రేకులను చల్లార్చుటకు వదలుట.

ఈ వారపు అభ్యాసము

ఈ విద్య నారంభించుటకు స్లిక్కులు అక్కరలేదు. మీ వాకిట నున్న కారు చాలును. ఒక నోటు పుస్తకము తీసికొని, తేదీ, వేళ, ఎండ, నాలుగు టైర్ల గాలి అను గడులు గీయుడు. రేపు సూర్యోదయమునకు ముందు నాలుగింటిని కొలిచి వ్రాసికొనుడు. పిమ్మట అమలాపురము నుండి రాజోలు దాక పోయి, ఆగిన వెంటనే, అదే వరుసలో మరల కొలువుడు. రెండో మూడో పాయింట్లు పెరిగియుండును. చేయి తహతహలాడినను, ఆ పెరిగిన గాలిని తీయవలదు. రోడ్డు టైరునకు చల్లని కొలతయే ప్రమాణము, స్లిక్కునకు కాగిన కొలత ప్రమాణము, ఆ రెంటి భేదమును మొదట మీ చేతులు గ్రహింపవలయును.

తరువాత ఆ పుస్తకమున చివరి గడి యొకటి అదనముగా గీసి, దానిపై "విడిచినవి" యని వ్రాయుడు. నా పుస్తకమున ఆ గడిలో నున్నవి యిట్టివి: మబ్బు చూచి మానుకొన్న నాలుగు చుట్లు, అంచున దారము కనబడి మధ్యాహ్నమే కోసివేసిన ఎడమ ముందు టైరు, ముల్లు ఒప్పుకొననందున బేరము వద్దని వచ్చిన ఒక జత. మొన్న మా పెద్దాయనకు ఆ పుస్తకము చూపితిని. గాలి అంకెలున్న పుటలను త్వరగా త్రిప్పివేసి, ఆ చివరి గడి మీద వ్రేలు పెట్టి చదివించుకొని, "ఇప్పుడు పట్టు చిక్కిందండి మీకు" అనెను.